నాన్న బండికి పడ్డ తాళం

మొన్న ఆదివారం మా నూకరాజు మావయ్య ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గరున్న మా ఇంటికొచ్చాడు. టీ తాగాడు, కాసేపు కబుర్లు చెప్పాడు, ఆ తర్వాత బల్ల మీదున్న నా కొత్త లాప్‌టాప్‌ని బోర్లా తిప్పి, దీనికి స్క్రూలు ఎక్కడున్నాయని అడిగాడు. నేను ఇంకో మాట మాట్లాడకుండా దాన్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆయన నొచ్చుకున్నాడు. మావయ్య అంటే మా అమ్మకి సొంత తమ్ముడు, ఈ ఊరి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరైనవాడు. విప్పి, తుడిచి, మళ్ళీ బిగిస్తేగాని ఏ వస్తువూ సరిగా పనిచేయదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకం వల్ల మా ఇంట్లో ఒకప్పుడు ఏం జరిగిందో ఆయన మరిచిపోయాడేమో గాని, నేను మరిచిపోలేదు. ఆయన వెళ్ళాక చాలాసేపు ఆ రోజులే కళ్ళ ముందు తిరిగాయి.

ముందే చెప్పేస్తాను, నాకు కంప్యూటర్ ఆటల పిచ్చి ఉంది. వయసు నలభైకి చేరింది, విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాను. అయినా పండగ డిస్కౌంట్లు మొదలయ్యాయంటే భోజనాల వేళ ఫోను తీసి ఏ ఆట ధర ఎంతకు దిగిందో చూసుకుంటాను. తోటి ఆడవాళ్ళు నేను చీరలు చూస్తున్నాననుకుంటారు. అనుకోనీ. నేను కొన్న మొదటి ఆట నా కోసం కొన్నది కాదు, మా నాన్న కోసం కొన్నది. అది మా ఇంటికి ఏం చేసిందో నాకు తెలుసు కాబట్టి ఈ విషయంలో ఎవరి వెటకారమూ నన్ను తాకదు.

అప్పట్లో మేం ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. నాన్న ఎలక్ట్రిక్ ఇంజన్ డ్రైవరు. డ్రైవరు ఇంట్లో గడియారం మాట చెల్లదు, డ్యూటీ మాటే చెల్లుతుంది. ఆయన టాటానగర్ నుంచి బండి తెచ్చి పొద్దున్నే దిగి పడుకున్నాడంటే ఇల్లంతా సైగలతో నడిచేది. అమ్మ ఆవాలు నూరేటప్పుడు చప్పుడు కాకుండా రోటి కింద పాత గోనెపట్టా పరిచేది. చేపలమ్మే దీదీ వీధంతా కేకలేసుకుంటూ వచ్చి మా గుమ్మం ముందుకు రాగానే గొంతు దించి, తలుపు గొలుసు మెల్లిగా కదిపేది. మధ్యాహ్నానికి నాన్న లేచేవాడు. నూతి దగ్గర కార్బాలిక్ సబ్బు వాసన, వంటింట్లో ఎండుచేపలు వేగే వాసన, దండెం మీది యూనిఫాం చొక్కాకి ఎంత ఉతికినా వదలని గ్రీజు వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఇల్లు. డ్రైవర్లు డ్యూటీకి తీసుకెళ్ళే ఇనుప లైన్ బాక్సు గుమ్మం పక్కన ఉంటే నాన్న ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అన్నం ముందు కూర్చుని ఆయన కబుర్లు విప్పేవాడు. ఎక్కడ సిగ్నల్ ఇవ్వకుండా ఎంతసేపు నిలబెట్టారో, ఏ గేటు దగ్గర ఏ ఆవు పట్టాల మధ్య పడుకుని ఎంత హారన్ కొట్టినా చెవి కూడా కదపలేదో, అన్నీ ఆవు గొంతుతో సహా చెప్పేవాడు. మా నాన్నంత మాటకారి మా వీధిలో లేడు.

ఆ మాటకారికి ఒక ఏడాది కంటి పరీక్షలో దూరపు అక్షరాలు కనబడలేదు. రైల్వేలో డ్రైవర్లకి కొన్నాళ్ళకోసారి కళ్ళు చూస్తారు. అద్దాలు మార్చి చూశారు, మందులు వేసి చూశారు, చివరికి బండి నడపడానికి కుదరదని రాశారు. ఉద్యోగం పోదు, జీతం పోదు, వేరే పని చూపిస్తారు. ఎవరి తప్పూ లేదు. ఆ లేకపోవడమే నాన్నకి మింగుడుపడలేదు, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక. ఆయన మాట్లాడటం మానేశాడు. ఇప్పుడు ఇంట్లో ఎంత గట్టిగానైనా మాట్లాడుకోవచ్చు, రోటి కింద గోనెపట్టా అక్కర్లేదు, అయినా మేం సైగలు మానలేకపోయాం. కొన్నాళ్ళకి కొత్త పని ఉత్తర్వు వచ్చింది. క్రూ లాబీలో కుర్చీ. లాబీ అంటే డ్రైవర్లు బండెక్కే ముందు వెళ్ళి సంతకం పెట్టి డ్యూటీ తీసుకునే చోటు. ఎవరికి ఏ బండి అన్నది అక్కడ కూర్చున్నవాళ్ళు చెప్పాలి. ఆ కాగితం చదివాక నాన్న ఒక్క మాటే అన్నాడు.

"ఇన్నేళ్ళూ నాను టేబులుకి ఇవతల నిలబడి సంతకం ఎట్టినాను. ఇప్పుడు అవతల కూకుని, ఆల్ల సేత ఎట్టించమంతన్నారు."

సెలవు పెట్టాడు. అది అయిపోతే మళ్ళీ పెట్టాడు. ఉన్న సెలవులన్నీ వాడేసి, ఆ తర్వాత వాలంటరీ రిటైర్మెంట్ రాసిచ్చి ఇంట్లో కూర్చుంటాడని అమ్మ భయం. ఖర్చుల గురించి కాదు ఆమె బెంగ. ఈ మనిషి ఖాళీగా కూర్చుంటే ఎన్నాళ్ళో బతకడని వంటింట్లో నాతో అనేది. నా బెంగా అదే. కాని నాన్నతో ఆ మాట ఎత్తే ధైర్యం ఇద్దరికీ లేదు.

అప్పుడు నేను డిగ్రీ అయిపోయి గోల్‌బజార్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెబుతున్నాను. ఒకరోజు నెట్‌లో ఏదో వెతుకుతుంటే రైలు నడిపే ఆట ఒకటి కనబడింది. పరదేశపు లైన్లు, నిజం ఇంజన్లో ఉన్నట్టే హ్యాండిళ్ళు, బ్రేకులు, సిగ్నళ్ళు. మామూలు ధరకి నేను దాని జోలికి పోలేను, కాని ఆట కాస్త పాతబడిందని బాగా తగ్గించి అమ్ముతున్నారు, ఆ తగ్గింపు కూడా ఆ వారంతో ఆఖరు. అదే ఆట కాపీ కొట్టిన సీడీ, తాళం ముందే పగలగొట్టింది, గోల్‌బజార్‌లో పకోడీల ఖరీదుకి దొరుకుతుంది. సెంటర్లో అందరూ అదే కొనమన్నారు. నేను కొనలేదు. నా నీతి గొప్పది అనుకునేరు, అదేం కాదు. మా నాన్న పాస్ ఇంట్లో మరిచిపోతే ప్లాట్‌ఫామ్ దాకా వెళ్ళి కూడా వెనక్కి తిరిగొచ్చే మనిషి. దొంగ సీడీ అని తెలిస్తే కంప్యూటరు దరిదాపులకి రాడు. అందుకని సెంటర్ యజమాని కార్డు అడిగి తీసుకుని, అసలైనదే కొన్నాను.

కొనడం ఒక ఎత్తు, దింపుకోవడం ఒక ఎత్తు. మా ఇంటి కంప్యూటరుకి టెలిఫోన్ తీగ మీద వచ్చే నెట్ అది. వాన పడితే ఆగేది, కరెంటు పోతే ఆగేది, పక్కింటి పిల్లి వెచ్చగా ఉందని మోడెం మీద ఎక్కి పడుకున్నా ఆగేది. ఆగినచోటి నుంచి మళ్ళీ అందుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టుకుని, గూడ్సు బండిని స్టేషన్ స్టేషన్‌కీ పక్కన నిలబెట్టి తెచ్చినట్టు వారం పైన పట్టి తెచ్చాను. అంతా దిగాక ఇంకో మెట్టు ఉంది. లైసెన్సు నంబరు కొట్టాలి. కంపెనీ సర్వరు మన కంప్యూటర్ లోపలి సామానంతా చూసి, ఇది ఫలానా మెషీన్ అని గుర్తు పెట్టుకుని, అప్పుడు తాళం తీస్తుంది. కాపీలు కొట్టేవాళ్ళని ఆపడానికి ఆ ఏర్పాటు. ఒక లైసెన్సు మీద ఏవో కొద్ది మెషీన్లకే ఒప్పుకుంటుంది. నాకది సబబుగానే తోచింది. మా ఇంట్లో ఉన్నది ఒకటే మెషీన్ కదా.

నాన్న మొదట మొహం తిప్పుకున్నాడు, బొమ్మ బండి అన్నాడు. నేను బతిమాలలేదు. ఆయన మంచానికి ఎదురుగా కూర్చుని ఆట పెట్టి, కావాలనే బ్రేకు ఆలస్యంగా వేసి, స్టేషన్ దాటించి ఆపాను. మళ్ళీ మొదలెట్టి మళ్ళీ దాటించాను. ఆయన మంచం మీద అటూ ఇటూ మసిలాడు. ఇంకోసారి దాటించేసరికి లేచొచ్చి నా వెనక నిలబడి, "లెగు పైడీ, లెగు," అన్నాడు. ఆ తర్వాత ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపడం మా వల్ల కాలేదు. వట్టి కాళ్ళతో నడిపేవాడు కాదు. బూట్లు తొడిగి, లేసులు బిగించి, జుట్టు దువ్వుకుని అప్పుడు కూర్చునేవాడు. దూరపు సిగ్నల్ కనబడదని కదా దించారు, ఈ సిగ్నల్ జానెడు దూరంలోనే ఉంది. మంచుకొండల మధ్య లైను, అద్దంలా ఉండే స్టేషన్లు. లైన్లో ఒక్క ఆవు లేదు, ఒక్క మనిషి పట్టాలు దాటడు, ఈ దేశంలో డ్రైవర్లకి జీతాలు ఎందుకిస్తున్నారో అని విసుక్కునేవాడు. ఖాళీ గేట్ల దగ్గర కూడా పొడుగ్గా హారన్ కొట్టేవాడు. మనుషులు లేరు కదా ఎవరికి ఆ కూత అని అమ్మ వంటింట్లోంచి అడిగితే, బండి వచ్చిందని కొండలకి తెలియొద్దా అనేవాడు. అన్నం ముందు కబుర్లు మళ్ళీ మొదలయ్యాయి. లాబీ మాట మాత్రం ఎత్తనిచ్చేవాడు కాదు. సెలవులు కరిగిపోతూనే ఉన్నాయి.

ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్‌లో అది వర్క్‌షాపు వాళ్ళ పండగ. పనిముట్లు కడిగి బొట్లు పెడతారు, మెషీన్లకి దండలు వేస్తారు, ఇళ్ళల్లోవాళ్ళని లోపలికి రానిచ్చి నేను కూర్చునే మెషీన్ ఇదీ, నేను నడిపే క్రేన్ ఇదీ అని చూపిస్తారు. నూకరాజు మావయ్య ఆ పండగని ఇంటిదాకా తెచ్చాడు. మా కంప్యూటరు, తన కంప్యూటరు, మా పెద్దమ్మ ఇంట్లోది, మూడూ ఆయనే బేరమాడి ఒకే కొట్టులో ఒకే రకానివి ఇప్పించాడు. ఆ మూడింటినీ తన వరండాలో చాప మీద పరిచి, విప్పి, బ్రష్షుతో దులిపి, గుడ్డతో తుడిచి ఓవర్‌హాలింగ్ చేశాడు. వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉంది. ఓవర్‌హాలింగ్‌కి వచ్చిన రైలు పెట్టె తన చక్రాలు బాగయ్యేదాకా కాచుకుని కూర్చోదు. అప్పటికే బాగుచేసి ఉంచిన చక్రాలు దానికి బిగించి పంపేస్తారు, దాని చక్రాలు తర్వాత వచ్చిన పెట్టెకి పోతాయి. మావయ్య బతుకంతా చేసిన పని అదే. మా కంప్యూటర్లకీ అదే చేశాడు. ముందు ఏది శుభ్రమైతే అది, చేతికి ఏది అందితే అది. మా పెట్టెలోకి పెద్దమ్మవాళ్ళ మదర్‌బోర్డు వచ్చింది, మా గ్రాఫిక్స్ కార్డు ఆయన పెట్టెలోకి పోయింది. మా ఫైళ్ళున్న హార్డ్ డిస్కు మాత్రం జాగ్రత్తగా మా పెట్టెలోనే పెట్టాడు. పైన కుంకుమ బొట్టు పెట్టి సైకిల్ మీద తెచ్చిచ్చాడు.

అన్నీ బాగానే నడిచాయి. ఆట మాత్రం మళ్ళీ లైసెన్సు నంబరు అడిగింది, కొట్టాను, తెరుచుకుంది. ఎందుకడిగిందా అని నేను ఆలోచించలేదు. కాళీ పూజ వచ్చేసరికి ఫ్యాను చప్పుడు చేస్తోందని మావయ్య మళ్ళీ మూడూ పట్టుకెళ్ళాడు. చలికాలం మొదట్లో, మంచు తేమ పట్టి ఉంటుందని ఇంకోసారి. ఆ సర్వరు కళ్ళకి మేం ప్రతిసారీ కొత్త కంప్యూటరు కొని, ఒకే టికెట్ మీద ఊరందరినీ బండెక్కిస్తున్నట్టు కనబడి ఉంటుంది.

ఒక మధ్యాహ్నం నాన్న బూట్లు తొడుక్కుని కూర్చుంటే తెర మీదికి మంచుకొండలు రాలేదు. ఈ లైసెన్సుకి అనుమతించిన మెషీన్లు అయిపోయాయి, ఇక తెరవడం కుదరదని ఇంగ్లీషులో చిన్న డబ్బా ఒకటి వచ్చింది. నాన్న దాన్ని ఆసాంతం చదివాడు. "ఈడు కూడా దించీసినాడు," అని వంగి లేసులు విప్పుకోవడం మొదలెట్టాడు.

నాకు ఏడుపొచ్చింది, అంతకన్నా కోపం వచ్చింది. దొంగ సీడీలవాళ్ళు కిటికీ పక్కన కూర్చుని హాయిగా పోతుంటే, టికెట్ కొన్న మమ్మల్ని మధ్యలో దించేశారు. నాన్న సెలవులు ఆ వారంతో అయిపోతున్నాయి. ఈ మనిషి ఇప్పుడు మంచమెక్కితే లాబీకి వెళ్ళడు, ఎక్కడికీ వెళ్ళడు. నాకది స్పష్టంగా తెలుసు. వెంటనే కంపెనీ హెల్ప్ నంబరుకి ఫోన్ చేశాను. పలికిన మనిషి కోల్‌కతాలో ఉన్నాడు, గొంతు మర్యాదగానే ఉంది. నేను ఇంగ్లీషులో చెప్పాను, అతను ఇంగ్లీషులో విన్నాడు. రికార్డు ప్రకారం మీ మెషీన్ చాలాసార్లు మారింది, కొత్త లైసెన్సు కొనుక్కోండి, మీ అదృష్టం బాగుంది, ఇప్పుడు డిస్కౌంట్ నడుస్తోంది అన్నాడు. మెషీన్ మారలేదంటాను నేను, మారిందంటాడు అతను. సరిగ్గా అప్పుడే ఏదో పని మీద వచ్చిన మావయ్య ఆ మాటలు విని, మెషీన్ ఎందుకు మారుతుంది, నేనే కదా ఓవర్‌హాలింగ్ చేసి పంపిస్తున్నానని, ఏ సామాను ఏ పెట్టెలోంచి ఏ పెట్టెలోకి పోయిందో గర్వంగా వరసపెట్టి చెప్పాడు. లైసెన్సు ఎందుకు అయిపోయిందో నాకప్పుడు అర్థమైంది. నాన్న కూడా విన్నాడు. ఒక బూటు కాలికి, ఒక బూటు చేతిలో ఉండగానే లేచొచ్చి ఫోన్ తీసుకున్నాడు.

నాన్న బెంగాలీ మా అందరి బెంగాలీ కన్నా బాగుండేది. ఆయన మాట్లాడింది ఆ భాషలోనే, ఇక్కడ మాత్రం ఇంట్లో ఆయన మాట్లాడే తెలుగులో రాస్తున్నాను. మా బావమరిది వర్క్‌షాపు మనిషి, ఆయన చేసిన పని ఇదీ అని దాచకుండా చెప్పాడు. నువ్వు రైలెక్కుతావా అని అడిగాడు. రోజూ లోకల్లోనే వస్తానన్నాడతను.

"నువ్వెక్కిన పెట్టికి నిరుడున్న సక్రాలు ఇప్పుడు నేవు. స్ప్రింగులు మారినాయి, బ్రేకులు మారినాయి. అలాగని అది యేరే బండేటి, భాయ్? నంబరు సక్రాల మీద రాయరు. ఒంటి మీద రాస్తారు. సక్రాలు మార్సినా ఆ పెట్టి ఆ పెట్టే."

పైవాళ్ళని అడగాలి, లైన్లో ఉండమన్నాడతను. ఉంటాను, సిగ్నల్ దగ్గర నిలబడటం నాకు అలవాటేనన్నాడు నాన్న. ఫోన్లోంచి ఏదో పాట సన్నగా వస్తోంది. మావయ్య గుమ్మానికి ఆనుకుని, ఇంత మంచి పనికి విచారణ ఏమిటన్నట్టు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. అతను తిరిగొచ్చి, మీ మాట పైవాళ్ళకి చెప్పాను, తాళం తీశాం, ఇకమీదట సామాను మార్చకండి అన్నాడు. నాన్న మావయ్య వంక ఒక చూపు చూసి, ఇక మార్చబోమని మాటిచ్చాడు. పెట్టేయబోతూ అతను మాట వరసకి, దాదా మీరు రైల్వేలో ఏం చేస్తారని అడిగాడు.

అన్ని నెలలుగా ఆ ప్రశ్న నాన్నని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆగిపోయింది. ఫోన్ లాక్కుందామా అని నా చెయ్యి లేచింది.

"డ్రైవర్ని. కల్లు సాలవని బండి దించీసినారు. సోమారం నించి లాబీలో కూకుంతాను. ఎవులికే బండో సెప్పే పని."

మాతో తెలుగులో ఒక్కసారి కూడా అనని మాటని ముక్కూ మొహం తెలియని మనిషికి బెంగాలీలో చెప్పేశాడు. అమ్మ బెంగాలీ అంతంతమాత్రం, కాని సోమవారమన్నదీ లాబీ అన్నదీ అర్థమయ్యాయి. లోపలికి వెళ్ళిపోయింది. నేను వెళ్ళి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగి నిలబడి ఉంది. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు. నాన్నకి ఇవేవీ పట్టలేదు. రెండో బూటు తొడుక్కుని మంచుకొండల్లోకి వెళ్ళిపోయాడు.

సోమవారం నిజంగానే వెళ్ళాడు. మొదట్లో ఇంటికొచ్చి ఏమీ చెప్పేవాడు కాదు. చెప్పడం మొదలెట్టాక ఆపలేకపోయాం. ఇదివరకు తన ఒక్క బండి కబుర్లే, ఇప్పుడు లాబీలో సంతకం పెట్టిన అందరి బండ్ల కబుర్లూ. రోజూ ఒకే వేళకి ఇంటికొచ్చే మొగుడు అమ్మకి కొత్త. కొన్నాళ్ళు మురిసిపోయి, ఆ తర్వాత ఈయన లైను మీదున్నప్పుడే నాకు కాస్త తెరిపి అనేది. మావయ్య మా కంప్యూటర్ని ముట్టుకోకూడదని నాన్న హుకుం. పండగనాడు బొట్టు పెట్టడం వరకు ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ఆట కొనడమంటే టీ చల్లారేలోపు అయిపోయే పని. ఫోన్లో నొక్కితే డబ్బు కట్టడం అయిపోతుంది, ఇంటికెళ్ళేసరికి దిగి ఉంటుంది. తాళాలు కూడా తెలివి మీరాయి, ఉన్నాయో లేవో తెలియదు. ఆ కాలమే గొప్పదని నేననను, వానకి ఆగిపోయే నెట్‌లో గొప్పేముంది. కాని అప్పుడు తాళం పడితే అటువైపు ఒక మనిషి దొరికాడు, ఆ మనిషి లోకల్ రైలెక్కేవాడు. ఇప్పుడు జవాబిచ్చేది ఒక ప్రోగ్రాము. ఆ మధ్య ఒక ఆట మొరాయిస్తే, రైలు పెట్టె చక్రాల సంగతి దానికీ చెప్పి చూశాను. ఎంతో వినయంగా మొదటి జవాబే మళ్ళీ మళ్ళీ ఇచ్చింది. కొన్నామని పేరే గాని ఇవన్నీ పాసులు, ఇచ్చినవాడు చెల్లనిచ్చినన్నాళ్ళే చెల్లుతాయి. తెలిసే కొంటున్నాను. రైల్వే పాసు మీద దేశం తిరిగిన కుటుంబం మాది, పాసు మీద తిరిగినా తిరిగినట్టే.

నాన్న లాబీ నుంచి కూడా రిటైరై చాలా ఏళ్ళయింది. అమ్మా ఆయనా మా వీధి చివరే ఉంటారు. మొన్న మావయ్య వెళ్ళాక ఆ ఆటని నా కొత్త లాప్‌టాప్‌లో పెడదామనిపించి, పాత మెయిల్లోంచి లైసెన్సు నంబరు తీసి కొట్టాను. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. వెతికితే తెలిసింది, ఆ తాళం తీసే సర్వర్లని కంపెనీ ఎప్పుడో మూసేసింది. నంబరు సరైనదే, దాన్ని చూసి తలుపు తీయడానికి అక్కడ ఎవరూ లేరు. సాయంత్రం వెళ్ళి నాన్నకి ఈ సంగతి చెప్పాను, బాధపడతాడేమోనని కాస్త మెల్లిగానే చెప్పాను. ఆయన టీలో బిస్కెట్ ముంచుకుంటూ అంతా విన్నాడు.

"అయితే మనకి పర్మిసన్ ఇచ్చినోడినే దించీసినారన్నమాట," అన్నాడు. బిస్కెట్ నోట్లో వేసుకుని, నమిలి, టీ ఒక గుక్క తాగాడు. "ఆడికీ లాబీలో ఒక కుర్సీ ఎయ్యమను."